ఎడమకు లాగే విమానం

ఆ ఎండాకాలం మా ముందుగదిలో గచ్చు మీద తడి కనిపించడం మొదలైంది. చారెడు తడి, అంతకు మించి లేదు. గోడకు తగిలించిన రిమోటు విమానం కింద, సరిగ్గా ఒక మనిషి వచ్చి నిలబడే చోట. అటువైపు కుళాయి లేదు, కప్పు కారడానికి అది వానాకాలం కాదు. అమ్మ ఒకసారి చూసి ఊరుకుంది, రెండోసారి చూసి ఊరుకుంది. మూడోసారి గుడ్డ తెచ్చి, తుడవకుండా పక్కనే కూర్చుంది.

“వాడు తడికాళ్ళతో వచ్చి నిలబడుతున్నాడురా,” అంది, పోయిన మా అన్నయ్య గురించి.

నేను పెయింటర్ని. దుకాణాలకు బోర్డులు రాస్తాను, బళ్ళకు రంగులు వేస్తాను. ఎక్కడ తడి కనిపించినా పైపు ఎక్కడ పగిలిందా అని వెతుకుతాను గాని, దెయ్యాలను వెతికే అలవాటు నాకు లేదు. అయినా ఆ మాటకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఆ తడి రోజూ ఉండేది కాదు. వదినా నేనూ జలాశయం మీద విమానం ఎగరేసి వచ్చిన మర్నాడు పొద్దున్నే కనిపించేది. ఆ సంగతి కనిపెట్టింది కూడా అమ్మే.

“మీరు వెళ్ళి పిలుస్తున్నారు, వాడు వెంట వస్తున్నాడు. ఇందులో తెలియనిదేముంది?”

“విమానాన్ని తువ్వాలుతో శుభ్రంగా తుడిచే తగిలించాను కదమ్మా.”

“విమానాన్ని తుడిచావు. వాణ్ణి తుడిచావా?”

నేను గుడ్డ తీసుకుని ఆ తడి తుడిచేశాను.

అన్నయ్య జలాశయం దగ్గర పంపుహౌసులో ఆపరేటరు. డ్యూటీ లేనప్పుడు ఈ విమానమే లోకం. బారెడున్నర రెక్కలు, ముక్కున మోటారు, కింద చక్రాలకు బదులు రెండు ఫ్లోట్లు. ఫ్లోటంటే మూతి కోసుగా ఉండే చెక్కపెట్టె, లోపల గాలి తప్ప ఏమీ ఉండదు. వాటి మీద నీళ్ళలోనే పరుగెత్తి లేస్తుంది విమానం, నీళ్ళలోనే దిగుతుంది. చెక్క కోసి అతికించింది అన్నయ్య. అంతకుముందు ఎండాకాలం మొదట్లో రంగు వేసింది నేను. పసుపు ఒళ్ళు, ఎర్ర ఫ్లోట్లు. ఎగరడం మా అన్నయ్య పని, మెరవడం నా పని అని నలుగురిలో గొప్పలు పోయేవాణ్ణి.

ఆ ఏడే వానలు తగ్గుముఖం పట్టిన ఒక సాయంత్రం అది గాల్లో ఎడమకు ఒరిగి, ఒరిగి, పంపులకు నీళ్ళు లాగే సిమెంటు బురుజు పక్కన పడింది. అన్నయ్య రిమోటు గట్టు మీద పెట్టి, చొక్కా మడిచి దాని పక్కన పెట్టి, ఈదుకుంటూ వెళ్ళాడు. పంపులు నడుస్తుంటే బురుజు దగ్గర నీళ్ళు కిందికి గుంజుతాయని మా అందరికీ చెప్పింది అన్నయ్యే. ఈతగాడి ధీమా ఈతగాణ్ణే ముంచుతుందని చెప్పింది కూడా అన్నయ్యే. మర్నాడు విమానం రెల్లుగడ్డిలో దొరికింది. ఆ మర్నాడు అన్నయ్య దొరికాడు.

మా వదిన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. “కదలకండి, ఊపిరి బిగపట్టండి, ఆఁ, ఇక వదలండి.” రోజుకు వందసార్లు ఆ మాట అనడమే ఉద్యోగం. అన్నయ్య పోయాక ఆమె ఏడవలేదు. వేళకు వెళ్ళింది, వేళకు వచ్చింది, నాతో మునుపటిలాగే వేళాకోళాలాడింది. ఊపిరి బిగపట్టి తిరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది, ఇక వదలండి అని చెప్పడానికి మాత్రం మాలో ఎవరికీ నోరు రాలేదు. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకనాడు విమానాన్ని గోడ మీంచి దించి, చంకలో పెట్టుకుని, రేడియో బాబాయి కొట్టుకు బయల్దేరింది.

రేడియో బాబాయి మాకు చుట్టం కాదు. రేడియోలు, టీవీలు బాగుచేస్తాడు. అన్నయ్యకు విమానాల పిచ్చి అంటించింది ఆయనే, అందుకని అన్నయ్య పోయాక అమ్మ ఆయనతో మాట మానేసింది. ఆయన తడిసి పాడైన మోటారు మార్చాడు, బ్యాటరీ మార్చాడు, వదినకు ఎగరేయడం నేర్పాడు. పది రోజుల్లో నేర్చుకుంది. ఎముకల నీడలు చూసే కన్ను కదా, ఆకాశంలో చీమంత విమానం ఎటు ఒరిగిందో ఇట్టే పట్టేసేది.

అలా మొదలైంది. వారానికి రెండు సాయంత్రాలు జలాశయం గట్టుకి.

మొదటిసారి లేపితే విమానం గీత గీసినట్టు పోయేది. దింపి, బ్యాటరీ మార్చి రెండోసారి లేపితే కొంచెం ఎడమకు మొగ్గేది. మూడోసారి ఇక చెప్పినమాట వినేది కాదు. వదిన రిమోటు మీది పుల్ల కుడికి తోస్తూనే ఉండేది, అది ఎడమ రెక్క దించి, నెమ్మదిగా, పనిమీద వెళ్తున్నట్టు, బురుజు వైపు తిరిగేది. ప్రతిసారీ అటే. పక్కనే ఇంత ఆకాశం ఉండగా, ఇంత నీరుండగా, సరిగ్గా ఆ చోటికే.

“ట్రిమ్ చూడాలమ్మా,” అన్నాడు బాబాయి మొదటి సాయంత్రం.

రిమోటు మీద బొటనవేళ్ళతో కదిపే పుల్లలుంటాయి. వాటి పక్కన చిన్న మీట, అదే ట్రిమ్. విమానం తనంతట తానే ఒకవైపు లాగుతుంటే ఆ మీటను రెండోవైపుకి నొక్కాలి. నొక్కినప్పుడల్లా టిక్కుమంటుంది, రెక్క చివరి పలక వెంట్రుకవాసి కదులుతుంది. ఎన్ని నొక్కులు నొక్కామో రిమోటు గుర్తుపెట్టుకుంటుంది. ఆపేసినా మర్చిపోదు. ఆ రోజు బాబాయి దాని తెర చూసి, “కుడికి పధ్నాలుగు నొక్కులున్నాయి. పాపం, ఆరోజుల్లోనే లాగుతోందన్నమాట. ఇంకో అయిదు వేద్దాం,” అని వేలు పెట్టబోయాడు.

వదిన రిమోటు వెనక్కి లాక్కుంది.

“అది ముట్టుకోవద్దు బాబాయ్. ఆయన వేలు ఆగిన చోటు అది.”

“అమ్మా, అది మీట...”

“ఇంకేమైనా విప్పండి, కొయ్యండి, మార్చండి. అది మాత్రం అక్కడే ఉండాలి.”

బాబాయి నావైపు చూశాడు. నేను నీళ్ళవైపు చూశాను. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మా వదిన, అన్నయ్య కూడా ఆమెతో ఎప్పుడూ వాదన గెలవలేదు.

సరే, ట్రిమ్ ముట్టకుండా రోగం కనుక్కోవాలి. మాకు తెలిసిన విద్యలన్నీ చూశాం. బాబాయి కొట్లో విమానాన్ని వెల్లకిలా పడుకోబెట్టి రెక్కలు వంకర పోయాయేమోనని దారం పట్టి చూశాం. పోలేదు. పలకలు రెండూ ఒకే ఎత్తుకు లేస్తున్నాయో లేదో స్కేలుతో కొలిచాం. లేస్తున్నాయి. వాటిని కదిపే బుల్లి మోటార్లు మార్చాం. ముక్కుకి, తోకకి తాళ్ళు కట్టి దూలానికి వేలాడదీసి, ఏ రెక్క బరువో చూశాం. కాస్త ఎడమకు మొగ్గింది గాని, పావలా బిళ్ళంత తేడా. దానికి ఇంత లాగుడు రాదన్నాడు బాబాయి. మేం కొట్లో చూసినప్పుడల్లా విమానం బుద్ధిమంతురాలు. నీళ్ళ మీదకు వెళ్ళేసరికి పూనకం.

“నా నలభయ్యేళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడలేదబ్బాయ్,” అన్నాడాయన, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. “యంత్రానికి రోగం ఉంటే పొద్దున ఉంటుంది, సాయంత్రం ఉంటుంది. ఇదేంటి, మొదటిసారి లేదు, మూడోసారి ఉంది?”

ఆ ప్రశ్నకు వదిన దగ్గర జవాబు ఉంది. ఇంటికి నడిచి వస్తూ, విమానం రెక్క ఒక కొస నేను, ఒక కొస తను పట్టుకుని ఉండగా, చాలా మామూలుగా చెప్పింది.

“మొదటిసారి ఆయనకు తెలీదు పెయింటరూ, మనం వచ్చామని. మోటారు శబ్దం వింటారు. మూడోసారికి గుర్తుపడతారు.”

నన్ను పెయింటరూ అని పిలవడం ఆమెకు ముద్దు. ఆ ముద్దుమాట ఆ వాక్యంలో వినేసరికి నా చేతుల్లో విమానం బరువెక్కింది. ఇంట్లో అమ్మ అంటే పెద్దతనం అనుకోవచ్చు. రోజూ మనుషుల లోపలి ఎముకలు చూసే వదినే ఇలా అంటే ఎవరితో చెప్పుకోను? పైగా నాకూ నమ్మకం కుదురుతోంది. గట్టు మీద నిలబడి ఆ పసుపు రెక్క ఎడమకు ఒరగడం చూసినప్పుడల్లా, పక్కన ఎవరో నిలబడి చూస్తున్నట్టు మెడ తిప్పుకునేవాణ్ణి.

నీళ్ళలో ఆగిపోయిన విమానాన్ని తెచ్చుకోవడానికి బాబాయి దగ్గర ఒక చిట్కా ఉంది. గాలపు కర్రకు కొక్కెం బదులు టెన్నిసు బంతి కడతాడు. దాన్ని విమానం అవతలికి విసిరి, దారం మెల్లగా చుట్టుకుంటే విమానం గట్టుకు వచ్చేస్తుంది. మొదట్లో అలాగే చేసేవాళ్ళం. తర్వాత వదిన చెప్పులు విడిచి తానే దిగడం మొదలుపెట్టింది. చీలమండల లోతు. తర్వాత మోకాళ్ళ లోతు. ఎండలకు నీరు తగ్గిందిగా, అడుగు తగులుతోంది, ఏం భయం అనేది. ఆమెకు ఈత రాదు.

ఒక సాయంత్రం మూడోసారి లేపిన విమానం బురుజుకి పాతిక గజాల ఇవతల కూలబడింది. బాబాయి బంతి విసిరాడు, అందలేదు. మళ్ళీ విసిరేలోగా వదిన నీళ్ళలో ఉంది. నడుము దాకా వెళ్ళింది. నేను అరిచాను. వెనక్కి చూడలేదు. గుండెల దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడు పంపుహౌసులో సాయంత్రం డ్యూటీవాడు పంపులు వేశాడు. కాళ్ళ కింద గట్టు సన్నగా వణికింది. ఆ వణుకు నాకు ఏళ్ళుగా తెలుసు, అన్నయ్య పనిలో ఉన్నాడని గుర్తు అది.

నేను ఎలా దూకానో, ఆమె చెయ్యి ఎక్కడ దొరికిందో గుర్తులేదు. దొరికాక వదల్లేదు. ఆమె గింజుకోలేదు, అదే నన్ను భయపెట్టింది.

“ఇంకో నాలుగడుగులే,” అంది. “వదులు. నాలుగడుగులే.”

“నాలుగడుగుల తర్వాత అడుగు లేదు వదినా!”

“తెలుసు,” అంది.

గట్టు మీదకు తెచ్చాక బాబాయి తన చొక్కా విప్పి ఆమె భుజాల మీద కప్పాడు. కాసేపటికి గాలి తిరిగి విమానం తనే ఒడ్డుకొచ్చింది, ఎడమవైపు ఒరిగి.

తడిసిన బట్టలతో గుమ్మంలోకి వచ్చిన మమ్మల్ని అమ్మ చూసింది. అడగాల్సిన పని లేకపోయింది.

“తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టు దాన్ని,” అంది నాతో.

“అత్తయ్యా,” అంది వదిన. గొంతు పెంచలేదు. “అది కూడా లేకపోతే నేను ఈ ఇంట్లో ఎందుకు ఉండాలో చెప్పండి, పెడతాను.”

వదిన లోపలికి వెళ్ళాక అమ్మ నా చొక్కా పట్టుకుని గోడవారకు లాగింది. అమ్మ చేతికి అంత బలం ఉందని నాకు అప్పటిదాకా తెలీదు.

“ఒక కొడుకుని ఇచ్చాను ఆ నీళ్ళకి. కోడల్ని ఇవ్వను. దాన్ని తగలబెడితే ఈ పిల్ల ఆగదు, నీళ్ళలోకి నడుచుకుంటూ పోతుంది. వాడు లాగడం లేదని దీనికి తెలియాలి. నిజంగా వాడే లాగుతుంటే నాకు చెప్పు, నేనే వెళ్ళి వాణ్ణి తిడతాను. లేదంటే దాని రోగమేంటో కనుక్కో. వచ్చే ఆదివారంలోగా కనుక్కో.”

మర్నాడు తెల్లవారగానే ముందుగదిలోకి వెళ్ళాను. అమ్మ చెప్పిన తడి అప్పటికే ఉంది, ఈసారి చారెడు కాదు, చాటంత. నేను దానికి ఎదురుగా చతికిలబడ్డాను. పెయింటర్ని కదా, గోడ ముందు కదలకుండా కూర్చోవడం వచ్చు. ఎంతసేపు కూర్చున్నానో గాని, టప్పుమని ఒక చుక్క పడింది. పైకి చూశాను. ఎడమ ఫ్లోటు తోక కొసన ఇంకో చుక్క ఊరుతోంది.

ముందు దాని అర్థం తెలీలేదు. తర్వాత ఒక్కసారిగా తెలిసింది. విమానాన్ని కిందికి దించి ఫ్లోటును చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపల నీళ్ళు గలగలలాడాయి. దెయ్యం లేదు, పూనకం లేదు. దిగినప్పుడల్లా ఫ్లోటు కొంత నీరు తాగుతోంది. మూడోసారికి కడుపునిండా తాగి ఎడమకు లాగుతోంది. రాత్రంతా గోడ మీద వేలాడుతూ మెల్లగా కక్కేస్తోంది. మేమేమో అది కక్కేసి ఖాళీ అయ్యాక కొట్టుకు తీసుకెళ్ళి తూకం వేస్తున్నాం. ఇంత తెలివితక్కువతనం ముగ్గురు మనుషులు కలిస్తే గాని సాధ్యం కాదు. గట్టిగా నవ్వేశాను. అన్నయ్య పోయాక నేను నవ్విన మొదటి నవ్వు అది.

విమానం తీసుకుని బాబాయి కొట్టుకు పరుగెత్తాను. ఆయన ఫ్లోటు విప్పి, నీళ్ళ బకెట్లో ముంచి చూశాడు. అడుగున అతుకు వెంట బుడగలు సన్నని గొలుసులా పైకొచ్చాయి.

“అతుకు విచ్చుకుంది. మీ అన్నయ్య అతుకు విచ్చుకోవడమా! వాడు అతికిస్తే గునపంతో కూడా ఊడదే.” ఫ్లోటును అటూ ఇటూ తిప్పాడు. తర్వాత కుడి ఫ్లోటు తీసుకుని, దాన్ని విమానానికి కలిపే కాలు బిగించే రేకు తొలగించి చూపించాడు. “ఇది చూశావా? సూది బెజ్జం. ఎండలో లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది, అది బయటికి పోవాలి. దారి లేకపోతే ఏ అతుకు మెత్తగా ఉంటే దాన్ని తన్నుకుని పోతుంది. ఒకసారి విచ్చుకుందంటే ఇక అంతే, చల్లటి నీళ్ళలో దిగగానే పీల్చుకోవడమే. కుడిదానికి బెజ్జం ఉంది. ఎడమదానికి ఏదీ? పెట్టడం మర్చిపోయినట్టున్నాడు పాపం.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతటదే ఆ ఎర్రరంగు మీదకు వెళ్ళింది.

కొట్లోకి ఎవరో టీవీ మోసుకొచ్చారు, బాబాయి అటు లేచాడు. నేను గోరుతో రంగు గీకాను. నా రంగు, నేను వేసిన మూడు పూతలు. కింద తెల్లగా, గుండ్రంగా, ఆవగింజంత పుట్టీ బయటపడింది.

అప్పుడు గుర్తొచ్చింది. రంగు వేసిన రోజు ఎడమ ఫ్లోటు పైన చిన్న బెజ్జం కనిపించింది. కుడిదానిది రేకు కింద ఉంది గనక కనిపించలేదు. చెక్కలో లోపం అనుకున్నాను. రంగు వేసేవాడికి బెజ్జం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. అన్నయ్యను అడగలేదు, ఇంత చిన్నదానికి అడగడమెందుకని. పుట్టీ కూరి, నున్నగా రుద్ది, పైన రంగు వేశాను. వేలితో తడిమితే కూడా తెలియనంత నున్నగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

బాబాయి తిరిగొచ్చి, “ఏంటబ్బాయ్, అలా ఉన్నావు?” అన్నాడు.

“ఏం లేదు,” అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

ఆ వారమంతా ఫ్లోటు కొట్టు డాబా మీద ఎండింది. అతుకు బిగించాను, బాబాయి చూడకుండా పుట్టీ తీసి బెజ్జం తెరిచాను. రెండు ఫ్లోట్లూ తూస్తే ఒకే బరువు తూగాయి. ఇంట్లో వదినకు ఎదురుపడకుండా తిరిగాను. నేను చెప్పకపోతే ఎవరికీ తెలీదు. నీళ్ళు చేరాయి, రోగం కుదిరింది, వదిన నీళ్ళలోకి దిగడం మానేస్తుంది, అమ్మ అడిగింది అదే. నిజం చెప్పి ఎవర్ని ఉద్ధరించాలి? ఇలా నాకు నేను చెప్పుకోవడానికి ఆ వారం నేను పడ్డ శ్రమ ఏ బోర్డుకీ పడలేదు.

ఆదివారం సాయంత్రం గట్టు మీద బాబాయి వదినకు అంతా వివరించాడు. నీళ్ళు, అతుకు, గాలి, బెజ్జం. ఆమె కళ్ళార్పకుండా విన్నది.

“అయితే ఆయనే మర్చిపోయారా?” అంది చివరికి. “ఆ చిన్న బెజ్జం పెట్టడం?”

“మనిషన్నాక ఒక్కోసారి...” అన్నాడు బాబాయి.

“అంటే ఆయన్ని ఆయనే...” అని ఆగిపోయింది. ఆ ముఖం నేను చూడలేకపోయాను. చావుకు తోడు ఇప్పుడు తప్పు కూడా అన్నయ్య నెత్తినే పడుతోంది, నేను పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను.

“అన్నయ్య మర్చిపోలేదు వదినా. పెట్టాడు. నేను మూశాను.”

ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. పుట్టీ, గరుకు కాగితం, మూడు పూతలు, అన్నీ చెప్పాను. బాగుంటుందని మూశానని చెప్పాను.

వదిన నావైపు చూసిన చూపు గురించి రాయను. కొట్టి ఉంటే బాగుండేది. రిమోటు చేతిలోకి తీసుకుని, “నీళ్ళలో వదులు,” అంది.

వదిలాను. విమానం పరుగెత్తి లేచింది. దింపింది, బ్యాటరీ మార్చాం, మళ్ళీ లేపింది. మళ్ళీ దింపింది. మూడోసారి లేపి పుల్లల మీంచి వేళ్ళు తీసేసింది. ముగ్గురం బురుజు వైపు చూస్తున్నాం. అటు వెళ్ళలేదు. కుడి రెక్క కాస్త దించి, మెల్లగా, చక్కగా, గట్టు వైపు తిరిగింది. మా తలల మీదుగా వచ్చి, వెళ్ళి, మళ్ళీ మా తలల మీదకే వచ్చింది.

“ఇది ఇప్పుడు కుడికి లాగుతోందేం?” అన్నాను.

“ఎడమ బరువంతా పోయింది కదా, చెక్కలో నానిన తడితో సహా. ఇదివరకు మొదటిసారి ఆ తడికీ నొక్కులకీ చెల్లుకు చెల్లు అయ్యేది,” అన్నాడు బాబాయి. “ఆ బరువుకు ఎదురుగా వాడు వేసిన పధ్నాలుగు నొక్కులూ రిమోటులో అలాగే ఉన్నాయి. ఇక వాటిని తీసెయ్యాలమ్మా, అప్పుడు తిన్నగా పోతుంది.”

వదిన రిమోటును గుండెకు హత్తుకుంది.

“అయితే ఆయన లాగింది ఇటువైపా బాబాయ్?”

“ఇటేనమ్మా. గట్టుకే. అన్నాళ్ళూ ఇటే లాగాడు.”

అప్పుడు ఏడ్చింది వదిన. నిలబడే, చేతుల్లో రిమోటుతో, కళ్ళు విమానం మీంచి తీయకుండా, ఇన్నాళ్ళుగా ఏడవాల్సినదంతా ఏడ్చింది. ఏడుస్తూనే విమానాన్ని చీలమండల లోతులోకి దింపింది. నొక్కులు తీయలేదు. కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది.

“కుడి లాగుడు ఆయనది, అది నా దగ్గర ఉంటుంది. ఎడమది నీది. దాన్ని నువ్వే మొయ్యి. నన్ను మొయ్యమనకు, నా వల్ల కాదు.”

తిట్టులా అనలేదు. క్షమించినట్టూ అనలేదు. విమానం పంచుకున్నట్టు చెప్పింది. ఇంటికి నడుస్తుంటే రెక్క రెండో కొస నాకు ఇవ్వలేదు, మొత్తం తనే పట్టుకుంది.

భోజనాల దగ్గర అమ్మ అడిగింది. “దొరికిందా దాని రోగం?”

“దొరికింది అత్తయ్యా. చెక్క ఫ్లోట్లోకి నీళ్ళు చేరుతున్నాయి. మీరు చూసిన తడి అదే. రాత్రంతా కారేది.”

అమ్మ చెయ్యి కంచంలో ఆగింది. “అయితే వాడు రాలేదా?”

“రాలేదు అత్తయ్యా.”

అమ్మ ముఖం చిన్నబోయింది. ఇన్నాళ్ళూ వాడు వస్తున్నాడని భయపడింది అనుకున్నాను గాని, ఎదురుచూసింది అని అప్పుడే తెలిసింది.

“మరి నీళ్ళెలా చేరాయి?” అంది.

వదిన నావైపు చూడలేదు. తన కంచం తీసుకుని లేచి వెనక్కి వెళ్ళింది. కుళాయి తిప్పిన శబ్దం వినిపించింది, ఎంతకీ ఆగలేదు. చెప్పడానికి నన్ను వదిలి వెళ్ళిందని అర్థమైంది.

చెప్పాను. ఒక కొడుకు చేతిపని ఇంకో కొడుకును ఎలా తీసుకుపోయిందో కన్నతల్లికి చెప్పడానికి ఏ భాషలోనూ మెత్తటి మాటలు లేవు. అమ్మ అడ్డు రాలేదు. మధ్యలో ఒకసారి నా చేతులకేసి చూసింది, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ పోని రంగుకేసి. నేను చేతులు కిందికి దించేసుకున్నాను.

“వాడికి తెలుసా?” అంది చివరికి.

“ఏంటమ్మా?”

“నువ్వు మూశావని. పోయేముందు వాడికి తెలుసా?”

“తెలీదమ్మా. తెలిసుంటే సూదితో ఒక్క పోటు పొడిచి, నన్ను నాలుగు తిట్టి ఊరుకునేవాడు. మీట నొక్కుకుంటూ కూర్చునేవాడు కాదు.”

“ఒట్టు?”

“ఒట్టు.”

అమ్మ కళ్ళు మూసుకుంది. ఎన్నాళ్ళుగానో బిగించి ఉన్నదేదో భుజాల్లోంచి జారినట్టు వెనక్కి గోడకు ఆనుకుంది. కుళాయి ఆగింది. వదిన గుమ్మంలో వచ్చి నిలబడింది, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

“అయితే నీ మీద కోపంతో పోలేదు వాడు,” అంది అమ్మ.